పక్కగదిలో అడిగే మాట

పెళ్ళాడ్డానికి మనిషి దొరకడమే కష్టమని అంటూంటారు. అలా అనేవాళ్ళెవరూ లైసెన్సు కౌంటర్ ముందు నిలబడి ఎరగరు. మనిషి దొరికి, ఒప్పుకుని, వచ్చి పక్కన నిలబడ్డాక మొదలవుతుంది అసలు తంతు. ఇద్దరి గుర్తింపు కార్డులు, ఫోటోలు, పుట్టిన తేదీ కాగితాలు, ఉంటున్న ఇంటికి రుజువు. మనిషి కళ్ళెదుట నిలబడి ఉన్నా సరే, ఉన్నట్టు కాగితం కూడా ఉండాలి.

బుల్లి అన్నీ తెచ్చింది. ఇస్త్రీ కొట్టు మనిషి కాబట్టి ఆమె కాగితాల్లో ఒక్క ముడత లేదు. కార్డులో ఆమెకి నిండైన పేరొకటి ఉంది గానీ, పుట్టిన దగ్గర్నుంచీ ఇంటా బయటా ఆమె బుల్లే. పక్కన నిలబడ్డవాడు వీధి చివరి బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. అందరూ రొట్టెలాయన అంటారు. ఎంత తోమి కడుక్కున్నా కనుబొమల్లో కాస్త పిండి మిగిలిపోయే మనిషి. తెల్ల కోట్లు ఇస్త్రీకి ఇవ్వడానికి వచ్చేవాడు, తీసుకోవడానికి వచ్చేవాడు, చివరికి ఇచ్చేదీ తీసుకునేదీ ఏమీ లేకపోయినా రావడం మొదలుపెట్టాడు. ముప్పై దాటిన కూతురి పెళ్ళి మీద ఆశ వదిలేసుకున్న అమ్మ, ఆ రాకపోకలు చూసి కొట్టు ముందు ఇంకో స్టూలు వేయించింది.

కౌంటర్ పక్కన ఒక చిన్న గది ఉంది. ఆ ఆఫీసులో ఒక పద్ధతి. దరఖాస్తు తీసుకునే ముందు పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ విడివిడిగా ఆ గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక్క మాట అడుగుతారు. ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా, ఎవరి బలవంతమైనా ఉందా అని. లోపల చెప్పింది బయట ఎవరికీ చెప్పరు. బుల్లి వాళ్ళకంటే ముందున్న జంటలో అమ్మాయి అలా లోపలికి వెళ్ళి, సిగ్గుపడుతూ బయటికొచ్చింది.

"నన్నడిగితే బలవంతమేనని చెప్తా," అన్నాడు రొట్టెలాయన గొంతు తగ్గించి. "మీ అమ్మ వేయించిన స్టూలు మీద కూర్చున్నాక ఇంక లేవనిచ్చారా?"

"చెప్పండి. బలవంతం చేసింది స్టూలని రాసుకుంటారు," అంది బుల్లి.

ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కౌంటర్ వెనక క్లర్కమ్మ కంప్యూటర్ మీంచి తలెత్తింది. పెద్దావిడ. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. బుల్లి కార్డు చూసింది, తెర చూసింది, మళ్ళీ కార్డు చూసింది.

"మీకు ఇదివరకే పెళ్ళయిందమ్మా," అంది.

"నాకా?"

"ఇక్కడే, ఈ ఆఫీసులోనే అయింది. విడిపోయినట్టు ఎక్కడా లేదు. భర్త ఉండగా ఇంకో లైసెన్సు ఇవ్వడం కుదరదు."

రొట్టెలాయన బుల్లి వైపు తిరిగాడు. ఆ చూపులో అనుమానం లేదు, అదొక్కటే ఆ రోజుకి దక్కిన మంచి. "నాకు చెప్పనే లేదే," అన్నాడు, ఇంకా హాస్యంగానే.

"పొరపాటు పడి ఉంటారండీ. ఆ పేరుతో ఇంకెవరైనా..." అంది బుల్లి.

క్లర్కమ్మకి ఇలాంటి మాటలు రోజూ వినేవే. రికార్డు నకలు కావాలంటే పక్క కౌంటర్లో దరఖాస్తు పెట్టుకోమంది. పెట్టుకుంటే, క్యూలో నిలబెట్టి, ముద్ర వేసి, చేతికిచ్చారు. బుల్లి తన పెళ్ళి సర్టిఫికెట్ తాను చదువుకుంది. పేరు తనదే. పుట్టిన తేదీ తనదే. తల్లి పేరు అమ్మదే. పెళ్ళికొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్ళీ చదివింది. ఆ పేరు బావది, అక్క మొగుడిది. పెళ్ళికూతురి ఫోటో అక్కది.

క్లర్కమ్మ మెడ చాచి ఆ ఫోటో చూసింది. "అప్పుడు కాస్త ఒళ్ళు చేసి ఉన్నారు. ఇప్పుడు చిక్కిపోయారు," అంది.

బుల్లికి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పట్లో కొట్టు అమ్మ చేతిలో ఉండేది. ముఖ్యమైన కాగితాలు మడతలు పడకూడదని అమ్మ వాటిని ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కింద పరిచి ఉంచేది. చెప్తే వినేది కాదు. అల్మారాలో పెడితే చెదలు పడతాయి, ఇక్కడైతే రోజూ వేడి తగులుతూ ఉంటుంది కదా అనేది. వేడి బాగానే తగిలింది. అక్క పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి ముందు తీసి చూస్తే, అక్క గుర్తింపు కార్డు కరిగి దుప్పటికి అంటుకుపోయి ఉంది. మొహం ఉండాల్సిన చోట బుడగలు మిగిలాయి.

కొత్త కార్డు వచ్చేదాకా ఆగొచ్చు. కానీ బావ ఆగేలా లేడు. బావ బట్టల మిల్లులో సూపర్వైజరు. మిల్లు వాళ్ళ క్వార్టర్స్ పెళ్ళయిన వాళ్ళకే ఇస్తారు, ఆ వారంలోగా సర్టిఫికెట్ చూపించకపోతే ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అప్పుడు అమ్మకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అక్కకీ బుల్లికీ ఏడాదిన్నర తేడా, మొహాలు అచ్చు ఒకటే. చెప్పులు, చున్నీలు, చెవి రింగులు, ఆఖరికి ఎవరికైనా జ్వరమొస్తే దుప్పటి కూడా మార్చుకుని బతికిన పిల్లలు. "దాని కార్డు పట్టుకెళ్ళవే, ఎవరు చూడొచ్చారు?" అంది అమ్మ. బుల్లి కూడా చున్నీ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేసింది. తర్వాత మార్పించేస్తానని బావ అన్నాడు. కార్డు తిరిగొచ్చింది. ఆ విషయం అక్కడితో అందరి బుర్రల్లోంచీ జారిపోయింది. కార్డు ఇచ్చేస్తే పెళ్ళి కూడా వెనక్కి ఇచ్చేసినట్టేనని ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా అనుకోరు.

"నిజం చెప్పేస్తే?" అన్నాడు రొట్టెలాయన, బెంచీ దగ్గరికొచ్చాక అంతా విని.

బుల్లి వేలితో చూపించింది. ఆఫీసు గోడ మీద పెద్ద బోర్డు ఉంది. వేరొకరి కార్డుతో పెళ్ళి నమోదు చేయించుకుంటే జైలు అని రాసి ఉంది. చేయించుకున్నవాళ్ళకీ, కార్డు ఇచ్చినవాళ్ళకీ ఇద్దరికీ అని కింద ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉంది.

మిగిలింది ఒకటే దారి. ఇద్దరూ ఇష్టపడి విడిపోతున్నామని బావా తనూ కలిసొచ్చి సంతకాలు పెట్టాలి. గడువు గడిచాక మళ్ళీ ఇద్దరూ కలిసొచ్చి రెండో సంతకం పెట్టాలి. పిల్లలూ ఆస్తులూ లేని కేసులకి అంతే చాలని క్లర్కమ్మ చెప్పింది. కట్టుకోని మొగుడి నుంచి విడాకులు తీసుకోవాలన్న మాట.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ కాసేపు నీళ్ళు నమిలింది. తర్వాత ఇస్త్రీ పెట్టె మీద కోపం చూపించింది. ఆ తర్వాత, "దానికింత రాద్ధాంతం ఎందుకే? మీరిద్దరూ విడిపోయినట్టు సంతకం పెట్టండి, వాళ్ళిద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు. ఎవరి మొగుడు వాళ్ళకి వస్తాడు," అని ముడి విప్పేసినట్టు చేతులు దులుపుకుంది. వినడానికి అది నిజంగానే అంత తేలిగ్గా ఉంది.

మర్నాడు బుల్లి మిల్లు క్వార్టర్స్‌కి వెళ్ళింది. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి ఆకుపచ్చ తలుపులు. అక్క ఇంటిని గుర్తుపట్టడం మాత్రం సులువు. ఆ వరసలో బయటి నుంచి తాళం వేసి ఉండి, లోపల మనిషి ఉండే ఇల్లు అదొక్కటే. బావ డ్యూటీకి వెళ్ళేటప్పుడు తాళం వేసుకుని వెళ్తాడు. దొంగల భయం అంటాడు. ఆ క్వార్టర్స్‌లో దొంగతనం జరిగిందని ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బుల్లి కిటికీ దగ్గర నిలబడింది. అక్క లోపలి నుంచి ఊచలు పట్టుకుని నిలబడింది. వాళ్ళు ఇన్నేళ్ళుగా ఇలాగే మాట్లాడుకుంటున్నారు. మొదట్లో బుల్లి గొడవపడేది. అక్కే వద్దనేది, సాయంత్రం ఆ గొడవకి జవాబు చెప్పుకోవాల్సింది తనే కాబట్టి. బావ ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. ఎత్తి ఉంటే చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. అక్కని ఎవరేం అడిగినా ఆయన జవాబు చెప్పేవాడు, అంతే. టీ తాగుతావా అని అక్కని అడిగితే, తాగదు అని ఆయన చెప్పేవాడు. ఒకప్పుడు కొట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ వరసలు పెట్టి ఆటపట్టించిన అక్క, ఇప్పుడు కుక్కిన పేనులా పడి ఉంటోంది.

బుల్లి ఊచల్లోంచి సర్టిఫికెట్ నకలు ఇచ్చింది. అక్క చదివింది.

"నీ పెళ్ళిలో నేను బాగానే ఉన్నానే," అంది.

"నవ్వకే. కాగితాల ప్రకారం బావ మొగుడు నాకు. నీకు అసలు పెళ్ళే కాలేదు."

అక్క తలెత్తింది. "ఏదీ, మళ్ళీ చెప్పు."

"నీకు పెళ్ళి కాలేదు అక్కా. ఎక్కడా లేదు."

అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. బాధపడుతోందేమోనని బుల్లి ఊచల మీదున్న అక్క వేళ్ళ మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు ఆ పక్కగదిలోకి నన్ను తీసుకెళ్ళారు," అంది అక్క. "నీ పేరు పెట్టి పిలిచి, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా అని అడిగారు. నీ పేరు వినేసరికి నాకు నోరు పెగల్లేదు. దానికిష్టమో కాదో నాకేం తెలుసు అనిపించింది. నవ్వొచ్చేసింది. నేను నవ్వగానే ఆవిడ ఇష్టమేనని రాసేసుకుంది."

"నీ పేరుతో అడిగి ఉంటే?"

"కొన్నాళ్ళు ఆగితే బాగుండునని చెబుదామనుకున్నా. ఇంటి దగ్గర్నుంచీ నోట్లో అనుకుంటూనే వెళ్ళా." అక్క కాగితాన్ని మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది. "పోనీలే. మీ బావతో నేను చెప్తాలే. నువ్వెళ్ళు, షిఫ్టు వదిలే టైమైంది."

ఆ ఆదివారం బావే కొట్టుకి వచ్చాడు. రొట్టెలాయన కోసం వేయించిన స్టూలు మీద కూర్చుని, చొక్కా చేతులు సర్దుకున్నాడు. మనిషి శుభ్రంగా ఉంటాడు, గొంతు పెంచడు.

"సంతకానికేం, పెడతా," అన్నాడు. "కంగారెందుకు? చూద్దాం."

ఆ చూద్దాం ఎన్ని వారాలు సాగిందో బుల్లికి తెలుసు. మిల్లులో ఆడిట్ అయ్యాక అన్నాడు. ఆడిట్ అయింది. తనకి ఒంట్లో బాగోలేదన్నాడు. బాగయింది. అంతకు ముందు బుల్లి వైపు కన్నెత్తి చూడని మనిషి, ఇప్పుడు డ్యూటీ దిగగానే కొట్టు మీదుగా వెళ్ళడం మొదలుపెట్టాడు. తన చేతిలో ఏముందో ఆయనకి మెల్లమెల్లగా అర్థమవుతోంది, ఆ అర్థం కావడాన్ని ఆయన నెమ్మదిగా ఆస్వాదిస్తున్నాడు.

"బేకరీవాడితో పార్కులో కనిపించావట," అన్నాడు ఒక రోజు, ఇస్త్రీ అయిన తన చొక్కాలు అందుకుంటూ.

"కనిపిస్తే?"

"ఏం లేదు. రికార్డుల్లో నువ్వు నా భార్యవి. రేపెవరైనా అడిగితే నేనేం చెప్పుకోవాలి?" నవ్వాడు. "మరదలివి కదా, హాస్యానికన్నా. అయినా కాస్త చూసుకుని తిరుగు."

బావలు మరదళ్ళని ఆటపట్టించడం బుల్లికి కొత్త కాదు. తొలిరోజుల్లో బావ అలా ఒక్క మాట కూడా అనడం లేదని తనే నొచ్చుకునేది. ఈ మాటలో మాత్రం ఆట లేదు. పెట్టె వేడెక్కి చేతికింద చొక్కా మాడుతున్న వాసన వచ్చేదాకా ఆమెకి తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆమె మాడ్చిన మొదటి చొక్కా అది.

రొట్టెలాయన రావడం తగ్గించాడు, బుల్లే తగ్గించమంది. పొద్దున్నే వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి కొట్టు గుమ్మానికి తగిలించి వెళ్ళేవాడు. బావ కళ్ళు వీధిలో ఏ మూల నుంచి చూస్తున్నాయో అని, దాన్ని లోపలికి తీసుకోవడానికి కూడా బుల్లి అటూ ఇటూ చూసేది. తన కొట్టు, తన వీధి, పుట్టి పెరిగిన చోటు, అక్కడ దొంగలా మెలగాల్సి వచ్చిందని ఆమెకి ఏడుపొచ్చేది. లెక్కకి తనకి తాళం లేదు, కిటికీ ఊచలు లేవు. అయినా ఆ ఆకుపచ్చ తలుపు వెనక అక్కతో పాటు తననీ పెట్టేశారనిపించేది.

"ఆఫీసుకెళ్ళి రాయించెయ్యనా, అంతా నిజం?" అని ఒకసారి రొట్టెలాయనని అడిగింది. "నన్నూ జైల్లో పెడితే పెడతారు."

"నిన్ను పెడితే పర్లేదు, రొట్టె పట్టుకొస్తా," అన్నాడు. తర్వాత మొహం సీరియస్ అయింది. "మీ అక్కని పెడితేనో?"



దారి చివరికి అక్క దగ్గర్నుంచి వచ్చింది. ఒక సాయంత్రం బావ కొట్టుకొచ్చి, ఏదో గొప్ప మేలు చేస్తున్నట్టు చెప్పాడు. మిల్లులో క్వార్టర్స్ కాగితాలు మళ్ళీ చూస్తున్నారట. పేరొకరిది మొహమొకరిదని బయటపడితే ఉద్యోగానికే ముప్పట. కాబట్టి గుట్టుగా విడిపోయినట్టు సంతకాలు పెట్టేసి, రెండో సంతకం అయిన రోజే, అదే ఆఫీసులో, అక్కతో అక్క పేరు మీద లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకుంటాడట. "నేనే ఆలోచించా," అన్నాడు. అది ఎవరి ఆలోచనో బుల్లికి ఆ క్షణమే తెలిసింది. అక్క చిన్నప్పుడు అమ్మ దగ్గర కూడా అంతే, తనకి కావాల్సింది అమ్మ చేతే అనిపించేది.

"మీ అక్కకి కార్డు కూడా చేయిస్తున్నా," అని బావ వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

మొదటి సంతకం అయింది. గడువు నడుస్తూ ఉంది. పెళ్ళి దగ్గరపడుతున్న మనిషికి ఉండాల్సిన సంతోషం బుల్లికి రాలేదు. ఎంత తోసేసినా ఒకే మాట లోపల తిరుగుతోంది. తను బయటపడాలంటే అక్క లోపలికి వెళ్ళాలి. ఇదివరకు వేరే పేరుతో వెళ్ళింది, ఇప్పుడు సొంత పేరుతో వెళ్తుంది, అప్పుడింక ఏ క్లర్కమ్మా పొరపాటని అనడానికి ఉండదు. అక్క కార్డు కరిగిపోయి ఉన్నన్నాళ్ళూ ఆమెకి ఎక్కడో ఒక సందు ఉందని, ఆ సందుని తనే దగ్గరుండి మూయిస్తోందని బుల్లికి తోచింది.

కిటికీ దగ్గరికెళ్ళి అదే చెప్పింది. "నాకీ పెళ్ళి వద్దక్కా. ఇలాగే ఉండిపోతా. రెండో సంతకానికి నేను రాను."

అక్క ఊచల్లోంచి చెయ్యి చాచి బుల్లి చెవి పట్టుకుంది. మెలిపెట్టింది కూడా. ఎన్నో ఏళ్ళ తర్వాత.

"నోరు మూసుకుని వచ్చి సంతకం పెట్టు," అంది.

ఆ రోజు రానే వచ్చింది. బెంచీ మీద వరసగా బావ, అక్క, అమ్మ, బుల్లి, చివర రొట్టెలాయన కూర్చున్నారు. అక్క చేతిలో ఆమె కొత్త కార్డు ఉంది. బావ తన దగ్గర పెట్టుకుంటానంటే, కౌంటర్లో చూపించాలట కదండీ అని మెత్తగా చెప్పి తన గుప్పిట్లోనే ఉంచుకుంది. అమ్మ మాత్రం ఆ కార్డు వైపు బెదురుగా చూస్తూ, దాన్ని ఎక్కడా పరచవద్దని రెండుసార్లు చెప్పింది.

ముందు బుల్లినీ బావనీ పిలిచారు. బుల్లి ముందు సంతకం పెట్టింది. బావ తాపీగా జేబులోంచి సొంత పెన్ను తీశాడు, మూత తిప్పాడు, కాగితం మొదట్నుంచీ చదివాడు. చదువుతున్నంతసేపూ బుల్లి ఆ పెన్ను మొననే చూస్తూ నిలబడింది. ఆయన సంతకం పెట్టాడు. ముద్ర పడింది. బుల్లి అక్కడే ఏడ్చేసేది గానీ, పన్నెండేళ్ళ కాపురం పోయినందుకు ఏడుస్తోందని క్లర్కమ్మ అనుకుంటుందేమోనని ఆపుకుంది.

"ఇప్పుడు లైసెన్సు దరఖాస్తు," అన్నాడు బావ, అక్కని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి.

క్లర్కమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఇప్పుడే విడిపోయిన మనిషిని చూసింది, విడిపోయిన భార్యని చూసింది, ఇద్దరి మధ్యా అచ్చు అదే మొహంతో నిలబడ్డ మూడో మనిషిని చూసింది. ఆవిడ సర్వీసులో ఎన్ని చూసి ఉంటుందో గానీ ఇది చూసి ఉండదు. ఏమీ అనలేదు. అక్క కార్డు తీసుకుని, అందులో పేరు చదివి, పైకి పిలిచింది.

ఆ ఆఫీసులో అక్కని ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

"ఈవిడే," అన్నాడు బావ. "అంతా ఇష్టపూర్వకంగానే నండీ."

"మిమ్మల్ని ఇంకా అడగలేదు," అని క్లర్కమ్మ పక్కగది తలుపు తీసింది. అక్క లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెనక్కి చూడలేదు. తలుపు పడింది.

బావ తిరిగొచ్చి బెంచీ మీద పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాడు. బుల్లి కళ్ళు ఆ తలుపు మీద నిలిచిపోయాయి. వద్దని అరవాలనిపించింది, లేచి తలుపు తొయ్యాలనిపించింది. అవతల అక్క నవ్వేస్తుందేమో, నవ్వితే ఆవిడ మళ్ళీ రాసేసుకుంటుందేమో అనుకుంది. తన చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంది. దాన్ని తిరిగిచ్చేస్తే అంతా వెనక్కి పోతుందా అని కూడా ఆలోచించింది. రొట్టెలాయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. బావ చూశాడు. చూడటం తప్ప ఇప్పుడు ఆయన చేయగలిగింది లేదు.

తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది. వచ్చి బావ పక్కనున్న ఖాళీలో కూర్చోలేదు. బెంచీ చుట్టూ తిరిగొచ్చి, అమ్మకీ బుల్లికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

క్లర్కమ్మ కౌంటర్ వెనక్కి వెళ్ళి దరఖాస్తు తీసి బావకి తిరిగిచ్చేసింది. "ఇది తీసుకోవడం కుదరదండీ."

"ఎందుకు కుదరదు?"

"లోపల చెప్పింది బయట చెప్పకూడదు. పద్ధతి."

బావ అక్క వైపు తిరిగాడు. "ఏం చెప్పావు?" అన్నాడు. ఎప్పట్లాగే గొంతు పెంచకుండా. అక్క బదులు ఎవరైనా చెప్తారేమోనన్నట్టు ఆయన అమ్మనీ, బుల్లినీ, క్లర్కమ్మనీ చూశాడు. అక్క తరఫున జవాబులు చెప్పే మనిషి ఇన్నాళ్ళూ ఆయనొక్కడే. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం, పద," అన్నాడు చివరికి.

"నేను రానండి," అంది అక్క. "ఆ ఇల్లు పెళ్ళయిన వాళ్ళకి కదా."

ఆయన మొహం మాడిపోయింది. బోర్డు వైపు, జైలని రాసి ఉన్న చోట, ఒకసారి చూశాడు. తన సంతకం ఉన్న పాత రికార్డు గుర్తొచ్చినట్టుంది. జేబులో తాళంచెవి తడుముకున్నాడు. ఆ తాళంచెవితో తీసే ఇంట్లో ఇప్పుడు అక్క బట్టలూ, గిన్నెలూ తప్ప ఇంకేమీ లేవు. పెన్ను జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అమ్మ ముక్కు చీదింది. "ఇప్పుడెక్కడుంటావే?" అంది.

"బుల్లి మంచం ఖాళీ అవుతోంది కదా," అంది అక్క.

అప్పుడే రొట్టెలాయన లేచి తమ దరఖాస్తు కౌంటర్ మీద పెట్టాడు. క్లర్కమ్మ ఇంకో పేరు పిలిచింది. కార్డులో ఉన్న నిండైన పేరు, బుల్లిది. అక్క ఆమెని భుజంతో నెట్టింది.

"వెళ్ళవే. ఈసారి నీ బదులు నేను చెప్పను."

గది చాలా చిన్నది. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, బల్ల మీద నీళ్ళ గ్లాసు. గ్లాసు సగం ఖాళీగా ఉంది, అక్క తాగినట్టుంది. క్లర్కమ్మ తలుపు వేసి కూర్చుని, ఆ పేరు ఇంకోసారి చదివి, ఈ పెళ్ళి మీకు ఇష్టమేనా, ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగింది. బుల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దానితో పాటే నవ్వొచ్చింది, ఎంత ఆపినా ఆగలేదు.

క్లర్కమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసి, తీరిగ్గా ఆగింది.

"నవ్వితే కుదరదమ్మా," అంది. "ఇందాక మీ అక్కకీ ఇదే చెప్పాను. నోటితో చెప్పాలి."

బుల్లి నోటితో చెప్పింది.